పొగ రాని బొగ్గుతోనే జాగ్రత్త: చలి రాత్రుల్లో కుంపటి, హుక్కా నిప్పులు

మొన్న డిసెంబర్ మొదటి వారంలో పెన్‌గంగ అవతల, మహారాష్ట్రలోని పాండర్‌కవడ దగ్గరి ఒక పల్లెలో మా మేనల్లుడూ వాడి ఇద్దరు స్నేహితులూ చావు తప్పి బయటపడ్డారు. చేను దగ్గరి గదిలో కూర్చుని హుక్కా తాగారు. రాత్రి పది దాటాక చలి ఎక్కువైందని, మిగిలిన నిప్పుల మీద ఇంకో నాలుగు గుప్పెళ్ల బొగ్గు వేసి ఇనుప తట్టలో మంచాల మధ్య పెట్టుకున్నారు. తలుపు వేశారు. చల్లగాలి వస్తోందని తలుపు కింద సందులో తువ్వాలు కుక్కారు. తెల్లవారుజామున ఒకడు బయటికి పోదామని లేచి, గడియ తీసి, గడప మీదే కూలబడ్డాడు. వాడు పడ్డప్పుడు తలుపు బార్లా తెరుచుకుంది. మిగిలిన ఇద్దరూ బతికింది ఆ తెరుచుకున్న తలుపు వల్లే.

అంతటితో అయిపోలేదు. దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్తే వేలికి క్లిప్ పెట్టి చూశారు, 98 చూపించింది. ఆక్సిజన్ బాగానే ఉంది, తిన్నది పడలేదు అని వాంతులకు సూది వేసి పంపించారు. నాకు ఫోన్ వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. "రాత్రి బొగ్గు పెట్టుకుని పడుకున్నాం అని చెప్పారా?" అని అడిగాను. ఎవరూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. వెంటనే పెద్దాస్పత్రికి తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టించాం.

మాది ఆదిలాబాద్‌లో మా నాన్న కాలం నుంచి బొగ్గుల వ్యాపారం. కమ్మరులు, ఇస్త్రీ బండ్లవాళ్లు, కంకులు కాల్చేవాళ్లు, ఈమధ్య హుక్కా కోసం కొబ్బరి చిప్ప బొగ్గు అడిగే కుర్రాళ్లు, అందరూ వస్తారు. మేనల్లుడు కాస్త తేరుకున్నాక నాతో అన్న మొదటి మాట ఇది: "మామా, పొగ రాని బొగ్గు మంచిదని నువ్వే కదా చెప్పావు." నిజమే, చెప్పాను. ఇరవై ఏళ్లుగా దుకాణంలో అందరికీ అదే చెప్పాను. అందుకే ఇది రాస్తున్నాను.

పిల్లల్ని నిప్పుకు దూరంగా ఉంచండి, చేతులు కాల్చుకోకండి అని నేను చెప్పక్కర్లేదు. మనుషుల్ని చంపుతున్న తప్పు వేరే ఉంది. పొగ ఆగిపోయింది కదా, ఇక లోపలికి తెచ్చుకోవచ్చు అనుకోవడమే ఆ తప్పు. పొగ ఆగాకే అసలు ప్రమాదం మొదలవుతుంది.

ఎందుకో వివరంగా చెప్తాను. కట్టెలో ఉండే పొగంతా దాన్ని బొగ్గు చేసే బట్టీలోనే పోతుంది. మిగిలేది దాదాపు ఉత్త కర్బనం. అది ఎర్రగా కణకణలాడుతున్నప్పుడు, చాలినంత గాలి అందని చోటల్లా కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. కట్టెల పొగ అయితే ఊపిరాడక మనమే తలుపు తీస్తాం. ఇది నిద్రలేపదు. మన నెత్తురులో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు ఈ వాయువు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలుపులు మూసిన గదిలో గాలి తగ్గేకొద్దీ నిప్పుల నుంచి అది ఇంకా ఎక్కువ వస్తుంది. నివురు గప్పిన నిప్పు అని ఊరికే అనలేదు. పైన తెల్లటి బూడిద, కింద ఎర్రటి నిప్పు, చూడటానికి ఆరిపోయినట్టే ఉంటుంది. అది గంటల తరబడి ఆ వాయువును వదులుతూనే ఉంటుంది.

బొగ్గు ఎంచుకోవడం

హుక్కా తాగమని నేను ఎవరికీ చెప్పను. పార్లర్లను మహారాష్ట్ర 2018లో, తెలంగాణ 2024 ఫిబ్రవరిలో నిషేధించాయి. మహారాష్ట్ర చట్టానికి ముందు, 2017 డిసెంబర్‌లో ముంబయి కమలా మిల్స్ ప్రాంగణంలో మంటలు లేచి 14 మంది చనిపోయారు. పైకప్పు మీది రెస్టారెంట్‌లో హుక్కా నిప్పుల నుంచి ఎగిరిన రవ్వలే కారణం అయ్యుంటాయని అగ్నిమాపక శాఖ నివేదిక చెప్పింది. అయినా ఇళ్లలో తాగేవాళ్లు తాగుతూనే ఉన్నారు కాబట్టి చెప్పాల్సింది చెప్తున్నాను.

అగ్గిపుల్ల గీయగానే చిటపటమని రవ్వలు చిమ్ముతూ అంటుకునే గుండ్రటి బిళ్లలు కొనకండి. అంత తొందరగా అంటుకోవడానికి వాటికి సూరేకారం లాంటి మందు కలుపుతారు. వెలిగించినప్పుడు టపాకాయ వాసన వస్తుంది. కొబ్బరి చిప్ప బొగ్గును పొడి చేసి పిండితో కట్టిన ఘనాలు వీటికంటే నయం. రవ్వలు చిమ్మవు, బూడిద తక్కువ, వాసన ఉండదు. కర్రబొగ్గు అయితే తుమ్మది, చింతది తీసుకోండి. రెండు ముక్కలు తట్టి చూస్తే గాజు మోగినట్టు ఖంగుమనాలి. విరిచిన చోట నల్లగా మెరవాలి. మధ్యలో గోధుమ రంగు కనిపిస్తే అది కాలని కట్టె, పొగ పెడుతుంది. చేతికి బరువుగా అనిపిస్తే తడి పట్టిందని అర్థం. తడి బొగ్గు పేలుతుంది. ఈ నెలల్లో మంచు ఎక్కువ కాబట్టి సంచిని నేల మీద పెట్టకుండా చెక్క మీద పెట్టండి.

ఇదంతా నిప్పు బాగా పట్టడం కోసం, రవ్వలు ఎగరకుండా ఉండటం కోసం. అంతే. డబ్బా మీద "నేచురల్", "కెమికల్ లేదు" అని రాసినంత మాత్రాన కార్బన్ మోనాక్సైడ్ తగ్గదు. కొబ్బరి చిప్పయినా, తుమ్మయినా, చింతయినా కాలేది కర్బనమే. మా మేనల్లుడి గదిలో ఉన్నది ఆన్‌లైన్‌లో తెప్పించిన ఖరీదైన కొబ్బరి బొగ్గు. హుక్కా నీళ్లు వడకడతాయి కదా అంటారు. ఈ వాయువు నీళ్లలో దాదాపు కరగదు, నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొగాకు లేని మూలికల హుక్కా అయినా పైన పెట్టేది ఇవే నిప్పులు.

రాక్షసి బొగ్గు సంగతి వేరే చెప్పాలి. బెల్లంపల్లి, ఆసిఫాబాద్, అటు రాజురా, వణి వైపు గనులు దగ్గర కాబట్టి ఆ ముక్కలు ఇళ్లలోకి సులువుగా వస్తాయి. వాటితో గంధకం పొగ కూడా వస్తుంది. వాటిని కుంపట్లో వేయనే వేయకండి.

రాజెయ్యడం

బయట రాజెయ్యండి. వరండా అంటే మూడు వైపులా తెరిచి ఉన్న వరండా, గ్రిల్లుకు ప్లాస్టిక్ పట్టా కట్టినది కాదు.

కొబ్బరి ఘనాలను కరెంటు కాయిల్ పొయ్యి మీద పెడితే 8 నుంచి 10 నిమిషాలు పడుతుంది. మధ్యలో పటకారుతో తిరగేయాలి. నల్లటి మచ్చ ఒక్కటి కూడా మిగలకుండా ఆరు వైపులా ఎర్రబడాలి. సగం రాజుకున్న ముక్కను హుక్కా మీద పెడితే ఆ మొదటి పది నిమిషాల్లోనే తల తిరుగుతుంది. తల తిరగడాన్ని కిక్కు అనుకునే కుర్రాళ్లను చూశాను. అది కిక్కు కాదు, నెత్తురుకు ఆక్సిజన్ అందకపోవడం.

కర్రబొగ్గు అయితే కింద కొబ్బరి పీచు, సన్న పుల్లలు పెట్టి అంటించండి. విసనకర్రతో నిదానంగా విసరండి. కిరోసిన్, పెట్రోల్ పోయకండి. శానిటైజర్ అసలే వద్దు. పగటి వెలుతురులో దాని మంట సరిగా కనపడదు, ఆరిపోయిందనుకుని మళ్లీ పోస్తే మంట సీసాలోకి పాకుతుంది.

పత్తి ఉన్న ఇల్లయితే ఇంకో భయం. డిసెంబర్, జనవరిలో మన దగ్గర రైతుల ఇళ్లన్నీ పత్తి కుప్పలే. అమ్మేదాకా ముందు గదిలో పోసి, దాని పక్కనే మంచం వేసుకుంటారు. ఒక్క రవ్వ పత్తిలో పడితే వెంటనే మంట లేవదు. లోపల్లోపల కాలుతూ పోయి ఎన్నో గంటల తర్వాత, అందరూ నిద్రలో ఉండగా బయటపడుతుంది. పత్తి ఉన్న గదిలోకి నిప్పు రాకూడదు. పత్తి మీదుగా దాటించనూ కూడదు.

గదిలోకి తేవడం

తేవద్దు.

ఈ మాట దగ్గరే నాతో అందరూ వాదిస్తారు. తిర్యాణి, సిర్పూర్ (యు) వైపు చలి 5, 6 డిగ్రీలకు పడిపోతుంది, ముసలివాళ్లు ఎలా తట్టుకుంటారు అంటారు. కిటికీ కొంచెం తెరిచి పెడతాం అంటారు. కిటికీ ఎంత తెరిస్తే చాలో కొలిచి చెప్పగలిగే మనిషి లేడు, పైగా అర్ధరాత్రి చలికి ఎవరో ఒకరు లేచి దాన్ని మూసేస్తారు. నేల మీద పడుకుంటే ఏమీ కాదు అంటారు. ఈ వాయువు ఇంచుమించు గాలి అంతే బరువు, గదంతా సమంగా నిండుతుంది. పొగ పూర్తిగా పోయాకే లోపలికి తెస్తాం అంటారు. మళ్లీ అదే తప్పు! పొగ పోవడం గుర్తు కాదు. పొగ పోయిన నిప్పే చంపేది.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది బాలింత గది. తలుపు, కిటికీ మూసి, సందుల్లో గుడ్డలు పెట్టి, మంచం కింద కుంపటి, పైన సాంబ్రాణి. పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు, మా అమ్మ కూడా చేసింది. పెంకుటిళ్లు, తడిక తలుపులు ఉన్న రోజుల్లో గాలి ఎక్కడో ఒక చోట దూరేది. ఇప్పుడు సిమెంటు స్లాబు, ఇనుప తలుపు, అద్దాల కిటికీ. ఆ పాత అలవాటు ఈ కొత్త గదిలో పనికిరాదు. పసిగుడ్డు తలనొప్పి అని చెప్పలేదు. గర్భిణి ఉన్న గదిలో అయితే కడుపులో బిడ్డకు తల్లికంటే ఎక్కువ దెబ్బ తగులుతుంది. అత్తమ్మలూ, అమ్మమ్మలూ, మీ కాళ్లు పట్టుకుని అడుగుతున్నాను, కుంపటి మీద బయట నీళ్లు కాచి, రబ్బరు సంచిలో పోసి, గుడ్డ చుట్టి మంచంలో పెట్టండి. సాంబ్రాణి వేయాలంటే తలుపు తీసి వేయండి, వేసిన వెంటనే నిప్పు బయటికి తీసుకెళ్లండి.

ఇక వరసగా చెప్తున్నాను, గుర్తుపెట్టుకోండి.

- లారీ క్యాబిన్ కూడా గదే. భోరజ్ దగ్గర 44వ నంబరు రహదారి పక్కన ఆపి, అద్దాలు ఎక్కించి, సిగిడి (చిన్న కుంపటి) పెట్టుకుని పడుకునే డ్రైవర్ అన్నలకు ఇది మరీ మరీ చెప్తున్నాను. క్యాబిన్ చిన్నది, అందులో చాలా తక్కువ సమయం చాలు.
- గుడారం కూడా గదే. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్లేవాళ్లు పట్టా కింద, బండి గూడు కింద నిప్పులు పెట్టుకోకండి. నెగడు బయట వేసుకోండి, బయటే కాచుకోండి.
- కారు కూడా గదే. బాత్రూమ్ కూడా గదే.
- పడుకునే ముందు గది వేడి చేసి నిప్పులు తీసేస్తాం అనకండి. నిప్పు పోయినా వాయువు గదిలోనే ఉంటుంది.
- వంటింట్లో చిమ్నీ ఫ్యాను ఉందని నమ్మకండి.
- బట్టీ నుంచి కొత్తగా దింపిన బొగ్గును ఇంట్లో కుప్ప పోయకండి. అది తనంతట తానే రాజుకోగలదు. ఒకటి రెండు రోజులు బయట పలచగా ఆరబెట్టాకే సంచుల్లోకి ఎత్తండి.
- ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, కాళ్లు తేలిపోవడం మొదలైతే అది తిండి వల్ల అనుకోకండి. ముందు తలుపు తీయండి. నిప్పు కోసం వెతకడం తర్వాత.
- మనిషిని బయటికి లాగండి. లాగడానికి వెళ్లేవాళ్లు తలుపులన్నీ తెరిచి వెళ్లండి. లోపల నిలబడి లేపుతూ కూర్చోకండి.
- మజ్జిగ, నిమ్మరసం పట్టకండి. స్పృహ లేని మనిషి గొంతులో ఏదీ పోయకండి.
- 108కి ఫోన్ చేయండి. అవతల మహారాష్ట్రలోనూ అదే నంబరు.
- ఆస్పత్రి గుమ్మంలోనే "మూసిన గదిలో బొగ్గు కాల్చాం" అని చెప్పండి. మరాఠీలో అయితే "బంద్ ఖోలీత్ కోళ్సా జాళలా" అనండి. డాక్టర్ అడిగేదాకా ఆగకండి.
- వేలి క్లిప్ చూపించే అంకెను నమ్మకండి. హిమోగ్లోబిన్‌కు అతుక్కున్నది ఆక్సిజనా, విషమా అన్నది ఆ క్లిప్‌కు తెలియదు. 98 చూపిస్తూనే మనిషి పోవచ్చు. నెత్తురు పరీక్ష చేయమని అడగండి.
- బయటికి వచ్చాక తేరుకున్నాడు కదా అని ఇంటికి తీసుకుపోకండి. మామూలు గాలిలో ఈ వాయువు సగం దిగడానికే నాలుగైదు గంటలు పడుతుంది. ఆక్సిజన్ మాస్క్ పెడితే ఆ సగం గంట, గంటన్నరలో దిగుతుంది. కొందరికి రెండు మూడు వారాల తర్వాత మతిమరుపు వస్తుంది. మా మేనల్లుడు ఇప్పటికీ అడిగిన మాటకు జవాబు చెప్పే ముందు కాసేపు ఆగుతున్నాడు.
- అదే గదిలోకి ఆ రాత్రే తీసుకెళ్లి పడుకోబెట్టకండి. మా మేనల్లుడి ఇంటివాళ్లు పడుకోబెట్టబోయారు.
- బూడిదను ప్లాస్టిక్ బకెట్‌లో ఎత్తకండి. పెంట మీద, పత్తి కట్టె పక్కన పారబోయకండి. నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోయండి. మర్నాడు దాకా ఇనుప తట్టలో ఆరుబయటే ఉంచండి.
- బొగ్గు అమ్మే అన్నలు, "పొగ రాదు" అని చెప్పిన ప్రతిసారీ "గదిలో పెట్టుకోకండి" అని కూడా చెప్పండి. నేను సంచి మీద రాసి ఇస్తున్నాను.
- ఇది చదువుతున్నప్పుడు మీ ఇంట్లో ఏ మంచం కిందైనా కుంపటి ఉంటే, లేచి వెళ్లి ఇప్పుడే బయట పెట్టండి.