మానేరు డ్యాం కింద మునిగిన లోయను పాత మ్యాపులో ఎలా వెతకాలి?

కరీంనగర్‌లో ఎల్‌ఎండీ (లోయర్ మానేరు డ్యాం) కట్ట మీద నిలబడితే కనిపించేదంతా నీళ్లే. 1985లో డ్యాం పూర్తవక ముందు అక్కడ మానేరు ఇసుకలో పారేది, ఒడ్డున పొలాలుండేవి. ఆ లోయ మళ్లీ కళ్లముందుకు రావాలంటే, డ్యాంకు ముందు సర్వే చేసిన టోపోషీట్, అంటే నేల ఎత్తుపల్లాలు, వాగులు, ఊళ్లు చూపే సర్వే మ్యాపు కావాలి.

ముందు షీట్ నంబరు తేల్చుకోండి. సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో 18–19 డిగ్రీల అక్షాంశం, 79–80 డిగ్రీల రేఖాంశం మధ్య ఉన్న గడి 56ఎన్. దాన్ని 15 నిమిషాల చొప్పున 16 ముక్కలు చేసి, ఎడమ వరుస నుంచి మొదలుపెట్టి పైనుంచి కిందికి అంకెలు వేస్తారు. కరీంనగర్, ఎలగందుల మూడో ముక్కలో, అంటే 56ఎన్/3లో పడతాయి.

అంగుళానికి మైలు చొప్పున గీసిన పాత షీట్లను పెద్ద లైబ్రరీల్లో అడగండి. అమెరికా సైన్యం 1950ల్లో అచ్చువేసిన 1:2,50,000 మ్యాపులైతే టెక్సస్ యూనివర్సిటీ లైబ్రరీ సైట్‌లో ఉచితం. కాకపోతే వాటిలో సెంటీమీటరంటే రెండున్నర కిలోమీటర్లు, చిన్న కుంటలు దొరకవు. ఏ మ్యాపైనా అంచున సర్వే ఏడాది చూడండి. అచ్చు వేసిన ఏడాది వేరు, దాన్ని నమ్ముకోవద్దు.

ఇక అసలు పని కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు. ఈ గోధుమరంగు గీతలు వాగును దాటేచోట మొనదేలి వంగుతాయి. ఆ మొన ఎప్పుడూ నీళ్లు వచ్చే వైపే చూస్తుంది. మానేరు మీదైతే సిరిసిల్ల వైపు. ఒక్కో మొన మీద వేలు పెట్టి పైకి వెళ్లండి, ఏ వాగు ఎక్కడ కలిసిందో తెలిసిపోతుంది. గీతలు దగ్గరగా ఉంటే గుట్ట, దూరంగా ఉంటే చదును. వాగుకు అడ్డంగా కట్ట గీత, దాని ఎగువన నీలిరంగు కనిపిస్తే అది చెరువు. నాకు ఇలా ఒక వాగు మీద వరుసగా చెరువులు దొరికినప్పుడల్లా ఆ కట్టలు వేసినవాళ్ల మీద గౌరవం పెరుగుతుంది.

తర్వాత మ్యాపు ఫొటోను గూగుల్ ఎర్త్‌లో ఇమేజ్ ఓవర్‌లేగా, అంటే ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద పొరలా పెట్టండి. సరిచూసుకోవడానికి ఎలగందుల ఖిల్లా గుట్ట, పాత గుళ్లు తీసుకోండి. ఏటి ఒడ్డు వద్దు, ఇసుక ఏటేటా జరుగుతుంది. ఊరి పేరు ఇంగ్లిష్‌లో వింతగా ఉంటే పైకి చదవండి, ఆ లిపిలో ళ, ణ ఉండవు కదా.

చివరికి ప్రింటు తీసి, ముంపు ఊరి పెద్దవాళ్ల ముందు పరచండి. "ఈ మలుపు దగ్గర ఎవరి పొలముండె?" అని అడగండి. వాళ్లు చెప్పిన పేరు పెన్సిల్‌తో అక్కడే రాసుకోండి.