ఇంజన్‌లో టకటకా శబ్దం వస్తే ముందు డిప్‌స్టిక్ తీయండి

కారు ఇంజన్ టకటకా కొట్టుకుంటుంటే టెన్షన్ పడి నేరుగా షెడ్డుకు పరిగెత్తకండి. బండిని చదునైన చోట ఆపి, ఇంజన్ ఆపేసి, పది నిమిషాలయ్యాక డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిల్ ఎంతుందో చూపే పుల్ల) తీయండి. గుడ్డతో తుడిచి మళ్లీ పూర్తిగా దించి తీస్తే, ఆయిల్ రెండు గుర్తుల మధ్య కనిపించాలి. తగ్గితే మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిలే కొద్దికొద్దిగా పోయండి. పై గుర్తు దాటనివ్వకండి.

ఆయిల్ సరిగ్గానే ఉంటే శబ్దం ఎప్పుడొస్తోందో వినండి. శ్రీశైలం ఘాట్ లాంటి చోట, నిండా మనుషులతో, పెద్ద గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే డబ్బాలో గోళీలు ఆడించినట్టు వస్తోందా? స్పార్క్ మంట చేరకముందే సిలిండర్‌లో కొంత పెట్రోల్ తనంతట తానే మండిపోతోందన్నమాట. వెంటనే గేరు తగ్గించండి, శబ్దం చాలావరకు ఆగుతుంది. ఈసారి ఆక్టేన్ (ఇలా తనంతట తానే మండకుండా తట్టుకునే గుణం) ఇంకా ఎక్కువున్న పెట్రోల్ పోయించి చూడండి. అప్పటికీ తగ్గకపోతే స్పార్క్ ప్లగ్గులు, లోపల పేరుకున్న కార్బన్, నాక్ సెన్సర్ (ఈ శబ్దాన్ని పసిగట్టే పరికరం) చూడమని మెకానిక్‌కు చెప్పండి. ఏ పరిస్థితిలో వస్తోందో చెబితే ఆయనకు సగం పని తగ్గుతుంది.

పొద్దున్నే స్టార్ట్ చేయగానే పైభాగంలో సన్నగా టిక్ టిక్ మని కాసేపటికి పోతే అవి ఎక్కువగా ట్యాపెట్లే (వాల్వులను కదిపే భాగాలు). ఆయిల్ మార్చి ఎన్నాళ్లయిందో చూసుకోండి.

ఇంజన్ అడుగు నుంచి శబ్దం సుత్తితో కొట్టినట్టు బరువుగా వస్తూ, రేజ్ చేసేకొద్దీ ఆ దెబ్బల వేగం పెరిగితే మాత్రం బేరింగ్ అరిగి ఉండొచ్చు. అప్పుడు గానీ, ఎర్ర ఆయిల్ లైటు వెలిగినప్పుడు గానీ ఒక్క కిలోమీటరు కూడా నడపకండి. టోయింగ్ బండిని పిలవండి, దయచేసి.