వీడియో నుంచి డీవీడీ, ఆరవ పాఠం: కుదుపు ఎక్కడ పుడుతోంది?

పోయిన పాఠం చదివి డిస్కులు చేసినవారిలో చాలామందికి బొమ్మ కుదుపుతో వచ్చింది. తప్పు నాదే. ‘పాల్ ఎంచుకోండి, 25 ఫ్రేములు’ అని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు వెళ్లాను. పాల్ అంటే సెకనుకు 25 బొమ్మలు చూపే టీవీ పద్ధతి, ఆ ఒక్కో బొమ్మే ఫ్రేము. ఫోనుతో తీసిన వీడియోకు ఆ మాట చెల్లదు. అందుకని మెనూల పాఠం వాయిదా వేసి ఈ వారం దీని సంగతే చూద్దాం.

కుదుపు ఫైలులో ఉందా, డిస్కులో ఉందా అన్నది మొదట తేలాలి. బర్న్ చేయకముందే, తయారైన వీడియో టీఎస్ ఫోల్డరును (డీవీడీ ఫైళ్లుండేది) కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌తో ఆడించండి. అక్కడే కుదిపితే ఎంత మంచి ఖాళీ డిస్కు కొన్నా ప్రయోజనం లేదు. అక్కడ సాఫీగా సాగి, టీవీ దగ్గర చివరి పది నిమిషాల్లో తడబడితే మాత్రం డిస్కునే అనుమానించాలి. డీవీడీ మీద రాత లోపలి నుంచి బయటి అంచుకు సాగుతుంది, చెడేది ఎక్కువగా ఆ అంచు దగ్గరే. డిస్కు రాసేటప్పుడు 16ఎక్స్ (పదహారు రెట్ల) వేగం వదిలేయండి. నేను 4ఎక్స్ దాటను.

ఇక అసలు ఉచ్చు. ఫోను సెకనుకు సుమారు 30 ఫ్రేములు తీస్తుంది. పాల్ డీవీడీలో పట్టేవి 25. మిగిలిన అయిదింటినీ సాఫ్ట్‌వేర్ పారేస్తుంది, అంటే ప్రతి ఆరో ఫ్రేము పోతుంది. నరసాపురం రేవు నుంచి సఖినేటిపల్లికి పంటు (రేవు దాటించే పడవ) మీద వెళ్తూ ఒడ్డున కొబ్బరిచెట్ల వరుసను తీశారనుకోండి. చెట్లు ఒకే వేగంతో పక్కకు జరుగుతుంటాయి. ఆరో ఫ్రేము లేనిచోట చెట్టు రెండడుగులు ఒకేసారి వేస్తుంది, సెకనుకు అయిదుసార్లు. కంటికి ఆనే కుదుపు అదే. పీటల మీద కూర్చున్న వధూవరుల దగ్గర ఇది కనబడదు. తలంబ్రాల్లోనూ కనబడదు, ఎందుకంటే బియ్యం ఎటుపడితే అటు ఎగురుతాయి, కంటికి లెక్క అందదు. కనుమనాడు తీర్థానికి (జాతరకు) జగ్గన్నతోటకు ప్రభలను మోసుకెళ్తుంటే కెమెరాను నిదానంగా తిప్పారా, అక్కడ పట్టుబడుతుంది. అందుకే పెళ్లి డిస్కు బాగుండి తీర్థం డిస్కు పాడైందని కొందరు రాశారు. రెండింటిలోనూ ఉన్న లోపం ఒక్కటే.

దీనికి విరుగుడుగా బిట్‌రేట్ (సెకను వీడియోకు వాడే డేటా) పెంచేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. పోయిన ఫ్రేమును బిట్‌రేట్ తిరిగి తేలేదు. పైగా సెకనుకు 9.8 మెగాబిట్ల హద్దు దాకా నెడితే పాత ప్లేయరు చదవలేక కొత్త తడబాటు మొదలవుతుంది. లెక్క సులభం: డిస్కులో పట్టే 37,600 మెగాబిట్లను నిడివి సెకన్లతో భాగించండి. రెండు గంటలకు 5.2 వస్తుంది. అందులో ధ్వనికి 0.2 తీసేయండి. చిన్న వీడియో అయినా 8 దాటించకండి.

సరైన దారి ఎన్‌టీఎస్‌సీ అనే మరో టీవీ పద్ధతి: బొమ్మ 720 బై 480 చుక్కలు, సెకనుకు 29.97 ఫ్రేములు. అప్పుడు పోయేది 33 సెకన్లకు ఒక్క ఫ్రేము, ఎవరికీ తెలియదు. మన ఇళ్లలోని ప్లేయర్లలో ఎక్కువ భాగం రెండు పద్ధతులనూ ఆడిస్తాయి. ఫోను ఫ్రేము రేటు నిలకడగా ఉండదు కాబట్టి ముందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్’తో 29.97కు స్థిరపరచండి. 25 ఫ్రేములతో తీసిన కెమెరా వీడియో అయితే పాల్‌లోనే ఉంచాలి, దాన్ని ముట్టుకోవద్దు.

పాత డీవీ (క్యామ్‌కార్డర్) టేపులున్నవారికి ఒక మాట. వాటిలో ఒక్కో ఫ్రేమును గీత విడిచి గీతగా రెండు సగాలు చేస్తారు, ఆ సగమే ఫీల్డు. వాటిలో కింది ఫీల్డు ముందు వస్తుంది, హెచ్‌డీ కెమెరాల్లో పై ఫీల్డు ముందు. తారుమారైతే కదిలే మనిషి టీవీలో ముందుకూ వెనక్కూ వణుకుతాడు. కంప్యూటర్‌లో ఇది బయటపడకపోవచ్చు.

అభ్యాసం: ఏటిగట్టు మీద నిలబడి కెమెరాను ఎడమ నుంచి కుడికి నిదానంగా తిప్పుతూ ఇరవై సెకన్లు తీయండి. దాన్నే పాల్‌లో ఒకసారి, ఎన్‌టీఎస్‌సీలో ఒకసారి మార్చి, తిరగరాసే డిస్కు ఒక్కదాని మీదే మొదటిది రాసి టీవీలో చూసి, దాన్ని చెరిపి రెండోది రాసి చూడండి. పాల్ ప్రతిలో ఒక్కో సెకనుకు ఎన్ని గెంతులున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టండి. అయిదు వచ్చేదాకా మళ్లీ చూడండి.