డెస్క్ ఫోన్ ‘కనెక్టెడ్’ అంటుంది, మన మాట మాత్రం వినదు

ఒకే టేబుల్ మీద పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు కూర్చునే ఆఫీసులు ఇప్పుడు శ్రీకాకుళం, విజయనగరంలో కూడా బాగానే ఉన్నాయి. ఎవరి మొబైల్ వాళ్లు తెచ్చుకుంటారు. టేబుల్ మీద డెస్క్ ఫోన్, కీబోర్డు, హెడ్‌సెట్, మానిటర్ అందరివీ. మొబైల్ కలపగానే డెస్క్ ఫోన్‌లో మన కాంటాక్టులు రావాలి, మనకొచ్చే కాల్ దానిమీద మోగాలి. మోగకపోతే నాకు ఫోన్ మోగుతుంది. బ్లూటూత్ ఆన్ చేయడం, పెయిర్ చేయడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

కనెక్ట్ అయినట్టే ఉంది, కాల్ మాత్రం డెస్క్ ఫోన్ మీద రాదు

నన్ను రెండుసార్లు ఊరికే తిప్పిన జబ్బు ఇదే. పాలకొండ రోడ్డులో మేడమీద ఒక ఆఫీసు. మధ్యాహ్నం షిఫ్టు అమ్మాయి డెస్క్ ఫోన్ స్క్రీన్ చూపించింది. తన మొబైల్ మోడల్ పేరు, పక్కన ‘కనెక్టెడ్’ అనే ముక్క. కాల్ వస్తే మాత్రం చేతిలో మొబైలే మోగుతోంది. మొదటిసారి వెళ్లి డెస్క్ ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాను. బాగైంది. మర్నాడు మళ్లీ అదే గోల. రెండోసారి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాను. మళ్లీ ఒక్క రోజే.

మూడోసారి నేను అక్కడ ఉండగానే డెస్క్ ఫోన్ మోగింది. స్క్రీన్ మీద ‘అత్తగారు’ అని పడింది. ఎత్తమన్నాను. “నాకింకా పెళ్లే అవలేదండీ, అత్తగారేటి?” అంది.

అప్పటికి గానీ నా బుర్ర వెలగలేదు. ప్లైవుడ్ పార్టిషన్ అవతల పొద్దున షిఫ్టు కుర్రాడు క్యారేజీ విప్పుకుని అన్నం తింటున్నాడు. జేబులో మొబైల్. ఆఫీసువాళ్లు మొబైళ్లన్నీ ఒకేసారి, ఒకే మోడల్ కొన్నారు. ఎవరూ పేర్లు మార్చలేదు. అందుకే బ్లూటూత్‌లో అన్నిటికీ ఒకటే పేరు. స్క్రీన్ మీద కనిపించింది ఆ అమ్మాయి మొబైల్ కాదు, అతనిది.

మామూలు మొబైల్ బ్లూటూత్ సుమారు 10 మీటర్లు అందుతుంది. ఇటుక గోడ కొంత తగ్గిస్తుంది, ప్లైవుడ్ దానికి లెక్కే కాదు. పైగా చాలా డెస్క్ ఫోన్లు ఒకసారి కలిసిన మొబైల్‌ని గుర్తుపెట్టుకుని, దగ్గరికి రాగానే అడగకుండానే మళ్లీ కలిసిపోతాయి. కరెంటు పోయి వచ్చినప్పుడు డెస్క్ ఫోన్ మొదటినుంచి లేస్తుంది కదా, అప్పుడు పాత మొబైల్ దగ్గర్లో ఉంటే దానికే అతుక్కుంటుంది. మన దగ్గర మధ్యాహ్నం కరెంటు ఎన్నిసార్లు పోతుందో నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి ఏ కేబులూ పీకకముందు ఒక్క పని చేయండి. మీ మొబైల్‌లో బ్లూటూత్ ఆపేయండి. డెస్క్ ఫోన్ ఇంకా ‘కనెక్టెడ్’ అనే చూపిస్తుంటే అది మీది కాదు. పది సెకన్ల పని. నాకు ఫోన్ చేసేవాళ్లలో ఈ పని ముందే చేసి చూసినవాళ్లు ఒక్కరూ తగల్లేదు.

ఇక బాగుచేయడం. ముందు ప్రతి మొబైల్‌కీ వేరే పేరు పెట్టండి. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ దగ్గర పేరు మార్చుకోవచ్చు. కొన్నిటిలో బ్లూటూత్ పేజీలోనే ఉంటుంది. మోడల్ పేరు తీసేసి మనిషి పేరు, షిఫ్టు రాయండి. తర్వాత డెస్క్ ఫోన్‌లో పెయిర్ అయిన పరికరాల లిస్టు తెరిచి మొత్తం తీసేయండి. అక్కడితో ఆగితే మళ్లీ మొదటికే వస్తారు. మొబైళ్లలో కూడా ఆ డెస్క్ ఫోన్‌ని ‘ఫర్గెట్’ కొట్టాలి. పెయిర్ అయినప్పుడు రెండూ ఒక రహస్య తాళంచెవి పంచుకుంటాయి. ఒకవైపే తీసేస్తే రెండోది పాత తాళంచెవితోనే తలుపు తోస్తూ ఉంటుంది, పెయిరింగ్ కుదరట్లేదని మీరు తల పట్టుకుంటారు. రెండువైపులా తుడిచాక మళ్లీ పెయిర్ చేయండి. షిఫ్టు దిగేవాళ్లు లేచేముందు డిస్‌కనెక్ట్ నొక్కి వెళ్లాలి. ఆ ఆఫీసులో ఈ మాట కాగితం మీద రాసి మానిటర్ కింద అంటించి వచ్చాను.

కీబోర్డు కొడుతుంటే స్క్రీన్ మీద ఏమీ పడదు

అన్నదమ్ముల జబ్బే. కీబోర్డు పాత మనిషి మొబైల్‌తో ఉంది, మీరు కొట్టిన అక్షరాలు అతని జేబులో పడుతున్నాయి. ఒకచోట కొటేషన్ సగం మేనేజర్‌గారి వాట్సాప్‌లోకి ఎక్కేసింది. మూడు పరికరాలు గుర్తుపెట్టుకునే కీబోర్డు అయితే 1, 2, 3 బటన్లలో మీది ఏదో చూసి నొక్కండి. నాలుగో మనిషి పెయిర్ చేశాడంటే ముగ్గురిలో ఒకరి చోటు పోయినట్టే.

హెడ్‌సెట్ కూడా అంతే. మల్టీపాయింట్ ఉన్నవి ఎక్కువగా రెండు మొబైళ్లనే ఒకేసారి పట్టుకుంటాయి. మూడోవాళ్లు వెయిట్ చేయాల్సిందే.

కాల్ వస్తోంది, పేరు రావట్లేదు

పెయిర్ చేసేటప్పుడు కాంటాక్టులు, కాల్ హిస్టరీ చూడనివ్వాలా అని మొబైల్ అడుగుతుంది. కంగారులో టిక్ పెట్టకుండా ఓకే కొట్టేసుంటారు. బ్లూటూత్‌లో ఆ డెస్క్ ఫోన్ పేరు పక్కనున్న చక్రం గుర్తు నొక్కి కాంటాక్టుల పర్మిషన్ ఆన్ చేయండి.

మానిటర్‌కి గుచ్చితే చార్జింగ్ ఎక్కుతోంది, బొమ్మ రాదు

కేబుల్. ఫోన్‌తో పెట్టెలో వచ్చే టైప్-సి కేబుల్ చాలావరకు చార్జింగుకి, ఫైళ్లకి మాత్రమే. బొమ్మను మోసే తీగలు అందులో ఉండవు. రెండు చివర్లూ ఒకేలా ఉంటాయి కాబట్టి చూస్తే తెలియదు. మంచి కేబుల్ పెట్టినా రాకపోతే ఫోన్ మోడల్ చూడండి. శామ్‌సంగ్ డెక్స్, అంటే మొబైల్‌ని మానిటర్ మీద కంప్యూటర్‌లా వాడుకునే సదుపాయం, 2017లో ఎస్8తో వచ్చింది. ఎస్ సిరీస్ ఫ్లాగ్‌షిప్‌లలో ఉంది కదా అని ఏ, ఎం సిరీస్‌లలోనూ ఉంటుందనుకోకండి, చాలావాటికి లేదు. దానికి నా దగ్గర మందు లేదు.

నిన్నటిదాకా బాగా పనిచేసి, కరెంటు పోయి వచ్చాక చచ్చిన డాక్ (మొబైల్‌ని మానిటర్‌కి కలిపే పెట్టె) అయితే అడాప్టర్ గోడ దగ్గర పీకి అర నిమిషం ఆగి పెట్టండి. స్విచ్ ఆపితే చాలదా అంటారు. పీకండి.

మిగతావి

గొంతు తెగితెగి వస్తుంటే పక్కన బ్లూటూత్‌కి అడ్డుపడే యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ ఉందేమో జరిపి చూడండి. వైఫై రద్దీ, పాడైన బ్లూటూత్ చిప్, ఇవన్నీ ఎప్పుడో గానీ తగలవు. అన్నట్టు, రీసెట్ చేయని డెస్క్ ఫోన్‌లో పాతవాళ్ల కాంటాక్టులు ఉండిపోవచ్చు. టేబుల్ చేతులు మారినప్పుడు ఫోన్‌బుక్ ఒకసారి తెరిచి చూడండి. ఆ ఆఫీసులో నేను చూసేసరికి అత్తగారితోపాటు ఇద్దరు బావమరుదులు కూడా ఉన్నారు.