మేడారంలో ఫోన్ కలవకపోతే వాకీటాకీ

జాతరలో జనం పోటెత్తితే ఫోన్లు కలవడం కష్టమే, అందుకే రెండు బండ్లలో పోయేవాళ్లు వాకీటాకీలు పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. కొనేముందు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్యే పనిచేసే సెట్టా కాదా చూడండి, 2018 నిబంధనల ప్రకారం వాటికి లైసెన్స్ అక్కర్లేదు. 5 వాట్ల సెట్ల జోలికి పోవద్దు, వాటికి కావాలి.

ఇంటి దగ్గరే అన్నింట్లో ఒకటే ఛానల్, ఒకటే టోన్ కోడ్ (అదే ఛానల్‌లో వేరేవాళ్ల మాటలు మనకు వినపడకుండా ఆపే సెట్టింగ్) పెట్టుకోండి. టోన్ తేడా ఉంటే ఛానల్ కలిసినా మాట వినపడదు. బటన్ నొక్కి ఒక్క సెకను ఆగి మాట్లాడాలి, లేదంటే "జంపన్నవాగు దగ్గరున్నం" అన్నది అవతల "దగ్గరున్నం" అనే వినిపిస్తుంది, ఎక్కడని వెతకాలి? అరవకండి, మాట ముద్దైపోతుంది. మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో, యాంటెన్నా నిలువుగా ఉండాలి. చెప్పడం అయిపోగానే బటన్ వదిలేయండి, నొక్కి ఉంచినంతసేపూ అవతలివాళ్లు ఏమన్నా మీకు వినపడదు. తాడ్వాయి అడవిలో మాత్రం డబ్బా మీద రాసినంత రేంజ్ ఆశించొద్దు.