ప్రాసెసర్ వేగం ఎక్కడ ఆగిపోతోంది?

కంప్యూటర్ నెమ్మదించిందనగానే చాలామంది మొదట చేసే పని విండోస్ తీసేసి మళ్లీ వేయించడం. లోపం ప్రాసెసర్ వేగంలోనే ఉంటే ఆ ఖర్చూ ఆ శ్రమా బూడిదలో పోసిన పన్నీరే. ప్రాసెసర్ ఊరికే నెమ్మదించదు; వేడి హద్దు దాటినప్పుడో, కరెంటు సరిగా అందనప్పుడో, ఏదో ఒక సెట్టింగు దానికి ముకుతాడు వేసినప్పుడో తగ్గుతుంది. ఈ మూడింటిలో ఏదో తేల్చుకోవడానికి స్క్రూడ్రైవర్ ముట్టుకోవలసిన పని కూడా లేదు.

అంతకంటే ముందు, మనం ఆశిస్తున్న వేగం న్యాయమైనదేనా అని చూసుకోవాలి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవారు ‘ఐ7’ అన్న స్టిక్కర్ చూసి మురిసిపోతారు గానీ, ఐ7-7500యు లో ఉన్నవి రెండే కోర్లు (విడివిడిగా పని చేసే భాగాలు); ఆ తరువాతి తరంలో వచ్చిన ఐ5-8250యు లో నాలుగున్నాయి. పేరులో పెద్ద అంకె ఉన్నా పనిలో మొదటిదే వెనకబడుతుంది. దానిని లోపం అనలేము.

ఇక కొలతకు వద్దాం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్ విభాగంలో సీపీయూ (అంటే ప్రాసెసర్) అన్నచోట ‘బేస్ స్పీడ్’ అనే మామూలు వేగం, ప్రస్తుత వేగం కనిపిస్తాయి. పనేమీ లేనప్పుడు వేగం తక్కువగా ఉండటం సహజం కనుక, సినీబెంచ్ వంటి పరీక్షను పది నిమిషాలు నడిపి, ఆ సమయంలో హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేగం, ఉష్ణోగ్రత, వాట్లు మూడింటినీ కలిపి చూడాలి. ఒక్క అంకెను నమ్ముకుంటే దారి తప్పుతాం. ల్యాప్‌టాప్‌లో మొదటి కొద్ది సెకన్లు వేగం ఎగిసి, తరువాత తగ్గి ఒకచోట నిలబడితే కంగారు పడవద్దు. 15 వాట్ల ప్రాసెసర్ కొంతసేపు మాత్రమే అంతకు మించి వాడుకునేలా తయారీదారులే అమర్చి ఉంటారు.

వేగం తగ్గిన క్షణంలో ఉష్ణోగ్రత 95, 100 డిగ్రీల దగ్గర ఆడుతుంటే దొంగ దొరికినట్టే. చాలా ఇంటెల్ ప్రాసెసర్లకు 100 డిగ్రీలు హద్దు. అక్కడికి చేరగానే చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. గదిలో వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్ వేడి కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. దానికి ముందే, మే మొదట్లో మొదలయ్యే ఎండలను ఇక్కడ చెన్నైలో కత్తిరి ఎండలంటారు. ఓఎంఆర్‌లోని (పాత మహాబలిపురం రోడ్డు) ఆఫీసులో ఏసీ కింద చక్కగా నడిచిన ల్యాప్‌టాప్ ఇంటి హాల్లో మధ్యాహ్నం మొరాయించిందంటే కారణం ఇదే. కనుక ఇబ్బంది పడుతున్న గదిలో, ఇబ్బంది పడుతున్న వేళలోనే పరీక్షించండి.

ల్యాప్‌టాప్‌ను పరుపు మీద నుంచి తీసి బల్లమీద పెట్టడం మొదటి వైద్యం. రెండేళ్లు దాటినదైతే ఫ్యానుకూ వేడిని బయటికి పంపే లోహపు రెక్కలకూ మధ్య దుమ్ము పేరుకుని, దూదిపట్టీలా అట్టకట్టి ఉంటుంది; బయటి నుంచి చూస్తే కనిపించదు, అడుగు మూత తీస్తే ఒక్క ముక్కగా ఊడి వస్తుంది. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్క తిరగకుండా పుల్లతో ఆపి ఉంచాలి. అప్పటికీ వేడి తగ్గకపోతే చిప్‌కూ కూలర్‌కూ మధ్య వేడిని దాటించే పాత థర్మల్ పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది పలుచగా వేయాలి. డెస్క్‌టాప్‌లో కూలర్ నాలుగు ప్లాస్టిక్ పిన్నుల మీద నిలిచి ఉంటే, వాటిలో ఒక్కటి పైకి లేచినా సెకన్లలోనే ఉష్ణోగ్రత హద్దును తాకుతుంది.

వేడి లేకుండానే వేగం పడిపోవడం మరో కథ. వేళచ్చేరిలో ఉండే మా పిన్ని కొడుకు ఒకనాడు ఫోన్ చేసి, “అన్నయ్యా, మదర్‌బోర్డు పోయిందంటున్నారు, మార్చమంటావా?” అని అడిగాడు. వెళ్లి చూస్తే వేగం 0.79 గిగాహెర్ట్జ్ దగ్గర మేకు కొట్టినట్టు నిలిచి ఉంది, ఉష్ణోగ్రత మాత్రం 48 డిగ్రీలే. బ్యాటరీ కూడా చార్జ్ కావడం లేదు. చార్జర్ పీకగానే వేగం 2 గిగాహెర్ట్జ్ దాటింది. పాతది పాడైతే వాడు కొన్న చవక చార్జర్ మొన చూస్తే మధ్యలోని సన్నని పిన్ను ఒక పక్కకు వంగి ఉంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో తాను ఎన్ని వాట్లు ఇవ్వగలదో చార్జర్ చెప్పుకునేది ఆ పిన్ను ద్వారానే. ఆ మాట వినబడకపోతే మదర్‌బోర్డు ప్రాసెసర్‌ను అట్టడుగు వేగానికి దించేస్తుంది. సరైన చార్జర్‌తో ఆ గొడవ తీరిపోయింది. థ్రాటిల్‌స్టాప్ అనే సాఫ్ట్‌వేర్‌లో ‘బీడీ ప్రోక్‌హాట్’ (వేగం తగ్గించమని మదర్‌బోర్డు ప్రాసెసర్‌కు పంపే హెచ్చరిక) గడిలో టిక్కు తీసేస్తే వేగం తిరిగి వస్తుందని సలహా ఇచ్చేవారున్నారు. కారణం పట్టుకోవడానికి ఒకసారి చేసి చూడవచ్చు గానీ, అలాగే వదిలేయడం నా దృష్టిలో తెలివైన పని కాదు, ఎందుకంటే అసలు లోపం అక్కడే ఉంటుంది, హెచ్చరిక మాత్రమే మూగబోతుంది.

వేడీ కరెంటూ బాగానే ఉండి, వేగం సరిగ్గా బేస్ స్పీడ్ దగ్గరే ఆగిపోతుంటే సెట్టింగులు వెతకాలి. పవర్ ప్లాన్‌లో ‘మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్’ 99 శాతం ఉన్నా చాలు, టర్బో, అంటే బేస్ స్పీడ్‌ను మించి పరుగెత్తే సదుపాయం, ఆగిపోతుంది. దానిని 100 చేయాలి. ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో ‘సైలెంట్’ మోడ్ ఉందేమో కూడా చూడాలి. డెస్క్‌టాప్‌లో 3200 అని రాసి ఉన్న డీడీఆర్4 ర్యామ్, బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగులలో) ఎక్స్‌ఎంపీ అనే ర్యామ్ వేగపు సెట్టింగు ఆన్ చేయకపోతే, తరచుగా 2133 లేదా 2400 దగ్గరే నడుస్తుంది.

ఒక్కో మార్పు చేసిన తరువాత అదే గదిలో, అదే పరీక్షను మళ్లీ నడిపి పాత అంకెల పక్కన కొత్తవి రాసుకోండి. మూడు అంకెలూ సక్రమంగా ఉండి కూడా మెషీన్ ఈడ్చుకుంటూనే ఉంటే ప్రాసెసర్‌ను వదిలేసి, అదే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ గీత 100 శాతానికి అంటుకుని ఉందేమో చూడండి.