హెడ్ స్పాకు వెళ్లాలా, తలకు ట్రీట్‌మెంట్ చేయించుకోవాలా

జపనీస్ హెడ్ స్పా అన్న బోర్డు కనిపిస్తే చాలామంది ముందుగా అడిగేది ఒకటే: చుండ్రు పోతుందా, జుట్టు రాలడం ఆగుతుందా? రెంటికీ జవాబు దాదాపు లేదనే. హెడ్ స్పా తలను శుభ్రం చేస్తుంది, మాడూ మెడా బిగుసుకుపోయినవాళ్లకు హాయినిస్తుంది. చర్మానికే జబ్బు ఉంటే దాని దారి వేరు. అందుకే సెలూన్ మెనూ చూడటానికి ముందు మీ తల చూసుకోండి.

తలస్నానం చేసిన మర్నాడు, నూనె రాయకుండా, పగటి వెలుతురులో కూర్చోండి. దువ్వెన కొసతో పాయ తీసి నాలుగు చోట్ల దగ్గరగా ఫొటోలు తీయించుకోండి: నుదుటికి పైన, మాడు మీద, చెవి వెనక, మెడకు కాస్త పైన. తర్వాత పల్చటి టిష్యూ కాగితాన్ని మాడు మీద పది సెకన్లు అదిమి పట్టండి. కాగితం మీద నూనె మరకలాంటిది పడితే తల జిడ్డుది.

పొట్టు సన్నగా, తెల్లగా, పిండిలా రాలుతూ చర్మం మామూలు రంగులోనే ఉంటే అది చాలావరకు పొడితనం. మరీ వేడినీళ్లు, ఘాటు షాంపూ మానేస్తే సర్దుకుంటుంది. పొట్టు పసుపుగా, జిడ్డుగా, గీరితే గోటికి అంటుకునేలా ఉండి, కనుబొమ్మల్లోనూ ముక్కు పక్కలా కూడా కనిపిస్తే అది సెబోరిక్ డెర్మటైటిస్, అంటే జిడ్డు చుండ్రు కావచ్చు. పుస్తకాల్లో చర్మం ఎర్రబడుతుందని రాస్తారు గానీ మన చామనఛాయకు ఆ ఎరుపు అంతగా తెలియదు, పాలిపోయినట్టో నల్లబడినట్టో ఉంటుంది. మలసీజియా అనే ఫంగస్ అందరి తలల మీదా ఉంటుంది. అది చర్మం మీది నూనెను తిని బతుకుతుంది, కొందరి ఒంటికి అది పడదు. ఇలాంటి తలకు నూనె పెట్టి రాత్రంతా వదిలేయడమంటే దానికి మేత వేయడమే.

మందమైన వెండిరంగు పొలుసులు నుదుటి గీత దాటి వస్తుంటే సోరియాసిస్ అనుమానించాలి. రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడి నున్నగా కనిపిస్తే పేనుకొరుకుడు. పిల్లల తలలో పొట్టుతో పాటు వెంట్రుకలు తెగి కురచగా ఉంటే తామర కావచ్చు, అది ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. ఈ మూడింటిలో ఏదున్నా స్పా, సెలూన్ రెండూ వదిలేసి చర్మవైద్యుల దగ్గరకు వెళ్లండి. ఇవేవీ లేవు, తల బరువుగా ఉంది, కణతలు లాగుతున్నాయి, నిద్ర సరిగా లేదు అంటే హెడ్ స్పా మీకోసమే.

జపాన్‌లో ఇది రెండు రకాలు. డ్రై హెడ్ స్పాలో నీళ్లూ నూనె ఉండవు. పడుకోబెట్టి వేళ్ల కొసలతో తల, కణతలు, మెడ మర్దన చేస్తారు. నీళ్లతో చేసేది సెలూన్‌లో జరుగుతుంది. ముందు కెమెరాతో తల చూస్తారు, పొడి జుట్టునే దువ్వుతారు, జిడ్డును కరిగించే నూనెగానీ జెల్‌గానీ చర్మానికి పట్టించి మర్దన చేస్తారు, ఆ తర్వాత షాంపూ. కొన్నిచోట్ల కార్బన్ డయాక్సైడ్ కలిపిన నీళ్లతో కడుగుతారు. చివర్లో మెడ, భుజాలు పట్టి, టానిక్ రాసి ఆరబెడతారు. అక్కడ సెలూన్‌లో షాంపూ చేయాలన్నా జాతీయ లైసెన్సు ఉండాలి. ఇక్కడ ఆ భరోసా బోర్డు చూస్తే రాదు, చేసేవాళ్లు ఎక్కడ నేర్చుకున్నారో అడిగి తెలుసుకోవాల్సిందే. వీడియోల్లో అందరినీ ఆకట్టుకునే ఆ నీటి తోరణం, అంటే తల మీద వంపు పైపులోంచి ధారలుగా నీళ్లు పడే ఏర్పాటు, చూడముచ్చటే, కాదనం. తల శుభ్రం కావడంలో మాత్రం దాని పాత్ర షవర్ కంటే ఎక్కువేమీ కాదు.

ఆ తోరణం గురించే ఒక ప్రశ్న తప్పక అడగాలి: నీళ్లు కొళాయి నుంచి వచ్చి డ్రైనేజీలోకి పోతున్నాయా, తొట్టిలోంచి మోటారుతో తిరిగి తిరిగి వస్తున్నాయా? తోరణం బిగించిన చవక రకం మంచాల్లో అదే నీరు చుట్టూ తిరుగుతుంది. ముందు మనిషి తలలోని నూనె, పొట్టు పైపుల్లో పేరుకుంటే కుదుళ్ల దగ్గర చీముపొక్కులు రావచ్చు. ప్రతి మనిషి తర్వాత తొట్టి ఖాళీ చేసి, మందు వేసి కడుగుతామని సూటిగా చెప్పలేకపోతే తోరణం వద్దు, మామూలు షవర్‌తో కడగమనండి. బ్రష్షులు, తువ్వాళ్ల సంగతీ అంతే. పేలు ఎక్కడం ఎంత సులువో ఆడపిల్లలున్న ఇళ్లలో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో తికమక, హెయిర్ స్పా. అది వెంట్రుకలకు క్రీము పట్టించి ఆవిరి పెట్టే పని, చర్మానికి చేసేది కాదు. పేరు మార్చి దాన్నే హెడ్ స్పా అని అమ్మే చోట్లూ ఉన్నాయి. జిడ్డు చుండ్రు ఉన్న తలకు ఆ క్రీము కుదుళ్ల దాకా రాస్తే దురద పెరుగుతుంది. బుక్ చేసే ముందే, మొత్తం 60 నిమిషాల్లో చేతులు తల మీద ఉండేది ఎంతసేపో అడగండి. ముప్పై నిమిషాల కంటే తక్కువైతే మిగతాది ఆవిరికీ డ్రయ్యర్‌కీ కడుతున్న డబ్బే.

కెమెరా చూపించి బెదిరించడం కూడా మామూలే. అంత పెద్దది చేసి చూపితే ఎవరి తలైనా జిడ్డుగానే కనిపిస్తుంది. "కుదుళ్లు మూసుకుపోయాయి, అందుకే జుట్టు రాలుతోంది" అంటే నమ్మకండి. జిడ్డు పేరుకోవడం వల్ల బట్టతల రాదు. కడిగిన జిడ్డు ఒకటి రెండు రోజుల్లో మళ్లీ ఊరుతుంది, అది చర్మం సహజంగా చేసే పని.

మెడ సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. బేసిన్ అంచు మీద మెడ వెనక్కి వాలి చాలాసేపు ఉంటే మెదడుకు వెళ్లే రక్తనాళం నలిగి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి. 2022లో హైదరాబాద్‌లో 50 ఏళ్ల మహిళ విషయంలో ఇది వార్తల్లోకి వచ్చింది. అరుదే గానీ స్పాండిలైటిస్, బీపీ ఉన్నవాళ్లు జాగ్రత్త పడాలి. గడ్డం నుదుటి కంటే పైకి లేస్తోందంటే మెడ ఎక్కువగా వంగినట్టే. మెడ కింద తువ్వాలు చుట్టి పెట్టమనండి. ఒళ్లంతా చదునుగా పడుకోబెట్టే మంచం ఈ విషయంలో బేసిన్ కుర్చీ కంటే నయం. లేచాక కళ్లు తిరగడం, వాంతి, తూలడం ఉంటే ఇంటికి కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక సెలూన్‌లో చుండ్రు ట్రీట్‌మెంట్ అంటే, సాధారణంగా పొట్టు వదిలించే సాలిసిలిక్ ఆమ్లం, మందు షాంపూ, ఆవిరి, చివర్లో ఒక సీరం. ఇందులో పనిచేసేది మొదటి రెండే, వాటిని ఇంట్లోనే చేసుకోవచ్చు. సెబోరిక్ చుండ్రుకు 2 శాతం కీటోకోనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు వాడతారు. తల తడిపి, జుట్టుకు కాక పాయలు తీసి చర్మానికే రాసి, 3 నుంచి 5 నిమిషాలు ఉంచి కడగాలి. రాసిన వెంటనే కడిగేయడం, పొట్టు తగ్గగానే ఆపేయడం, ముందు రోజు రాత్రి నూనె పెట్టడం: "ఆ షాంపూ నాకు పనిచేయలేదు" అనేవాళ్లలో చాలామంది చేసేవి ఇవే. తగ్గాక వారానికో రెండు వారాలకో ఒకసారి వాడితే తిరగబెట్టడం తగ్గుతుంది. నాలుగు వారాలకూ మార్పు లేకపోతే వైద్యులకు చూపించండి. గరుకు రేణువుల స్క్రబ్ వాడే చోటైతే వద్దనండి. గీతలు పడ్డ చర్మం మీద రంగు పడితే మండిపోతుంది. జుట్టుకు రంగు, బ్లీచ్ వేయించాలనుకుంటే తలకు చేసే ఏ పనైనా నాలుగైదు రోజుల ముందే ముగించుకోవాలి.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో తల జిగటగా ఉండటానికి కారణం ఒక్కోసారి నీళ్లే. నీళ్లలోని లవణాలను పట్టేసే ఈడీటీఏ పేరు సీసా మీద రాసి ఉన్న షాంపూ రెండు వారాలకోసారి వాడి, ఆఖరి చెంబు ఫిల్టర్ నీళ్లు పోసుకుని చూడండి. ఏ స్పాకూ వెళ్లకుండానే తేడా తెలియవచ్చు.

మర్దనతో జుట్టు పెరుగుతుందనడానికి తరచూ చూపించేది 2016లో జపాన్‌లో జరిగిన ఒక అధ్యయనం. తొమ్మిదిమంది మగవాళ్లకు రోజుకు 4 నిమిషాల చొప్పున 24 వారాలు మర్దన చేస్తే వెంట్రుక కాస్త మందమైంది. అంత చిన్న లెక్కతో తేల్చేదేమీ లేదు, పైగా అది రోజూ చేసిన మర్దన, నెలకోసారి స్పా కాదు. డెంగీ, టైఫాయిడ్, కాన్పు తర్వాత రెండు మూడు నెలలకు గుప్పెళ్లుగా రాలడం మామూలే, చాలావరకు దానంతటదే ఆగుతుంది. పాపిడి వెడల్పవుతూ, నుదురు వెనక్కి పోతూ ఉంటే ఆలస్యం చేయకండి. స్పా ప్యాకేజీకి పెట్టే డబ్బు వైద్యుల ఫీజుకూ మందుకూ పెట్టండి.

రెండూ కావాలనుకుంటే ముందు నాలుగు వారాలు మందు షాంపూ, చర్మం నెమ్మదించాక హెడ్ స్పా. మొదటిసారి ఒక్క సెషనే తీసుకోండి, ఆరు సెషన్ల ప్యాకేజీకి ఆ రోజే డబ్బు కట్టవద్దు. వేళ్ల కొసలతో చేయాలి, గోళ్లు తగిలితే వెంటనే చెప్పండి. పరిమళ తైలాలతో తలనొప్పి వచ్చేవాళ్లు వాసన లేని నూనె అడగాలి. ఇంటికి బయల్దేరే ముందు కుదుళ్లు పూర్తిగా ఆరాయో లేదో వేళ్లు పెట్టి చూసుకోండి, తడి తలతో ముడి వేసుకుంటే దురద మళ్లీ మొదలు కావచ్చు.